చార్టులో చివరి వరస

కుడి కన్ను మూసుకుంటే తప్ప దారం కనపడటం లేదు. ఆపరేషనైన కన్ను అదే, ఇంటికి వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటున్న కన్నూ అదే. దానితో చూస్తే ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పటి రంగు, తీగ మీద పావురం ఎటు తిరిగి కూర్చుందో తెలుస్తున్నాయి. ఒళ్ళో పెట్టుకున్న చొక్కా మాత్రం తెల్లటి మబ్బులా ఉంది. ఆ మబ్బులో ఎక్కడో తన వేళ్ళున్నాయి.

కాజాలమ్మ లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చింది. చేతిరుమాలు మడిచి కుడి కంటికి అడ్డంగా కట్టుకుంది. చొక్కాని ముక్కు దగ్గరికి లాక్కుని, శుక్లం ఇంకా తీయని ఎడమ కంటితో చూసింది. ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టుంది. అయినా గుడ్డ అంచు కనపడింది. కోసిన కాజా పక్కన సూది దింపి, దారం మెలితిప్పి, లాగింది. ఇదివరకు ఒక చొక్కా మొత్తం అయిపోయే సమయానికి ఇప్పుడు రెండు కాజాలు కూడా కావటం లేదు.

కాజాలమ్మ అన్నది కింద వీధిలో దర్జీ పెట్టిన పేరు. కొడుకు బడికి వెళ్ళే రోజుల నుంచీ ఆయన కొట్లో కుట్టిన చొక్కాలకి బొత్తాలు పట్టే కాజాలన్నీ చేత్తో కుట్టేది ఆవిడే. మిషను కాజా నాలుగు ఉతుకులకి పీచులు లేస్తుందనీ, ఆవిడ కుట్టింది చొక్కా చిరిగినా నిలుస్తుందనీ దర్జీ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఆవిడకి చిన్నప్పటి నుంచీ దూరం ఆనదు. సీసా అడుగులాంటి కళ్ళద్దాలు పెట్టుకునేది. కానీ ఆ అద్దాలు తీసి పక్కన పెడితే, ముక్కుకి నాలుగు వేళ్ళ దూరంలో ఏదున్నా దాని ప్రతి పోగూ విడివిడిగా కనపడేది. ఇల్లూ, వీధీ, గోడ గడియారమూ అన్నీ అలికేసినట్టయిపోయి, సూది మొన, దారం, తన బొటనవేలి గోరు మాత్రం మిగిలేవి. మధ్యాహ్నాలు ఆవిడ అక్కడుండేది. పిలిచినా వెంటనే పలికేది కాదు. ఆ ఇంట్లో ఆవిడకంటూ వేరే గది లేదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. రుమాలు విప్పేసి, చొక్కాని దిండు గలీబులోకి దూర్చి, వెళ్ళి గడియ తీసింది.

భర్త వెంట పై అంతస్తులో ఉండే దంపతులిద్దరూ ఉన్నారు. భర్త బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయింది గానీ బస్సుల ధ్యాస పోలేదు. వచ్చినవాళ్ళని కూర్చోమనైనా అనకుండా బాల్కనీలోకి నడిపించుకుపోయాడు. మీరే చూద్దురు గాని రండి అంటూ, భార్యని కటకటాల దగ్గర నిలబెట్టి, మలుపు తిరుగుతున్న బస్సు నంబరు చదవమన్నాడు.

ఆవిడ చదివింది. నిజానికి అంకెల అంచులు అలుక్కుపోయినట్టే ఉన్నాయి. కానీ పసుపు పట్టీ ఉన్న బస్సు ఆ వేళకి ఆ మలుపులోకి ఏదొస్తుందో, టైమ్‌కీపరుతో ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? పై అంతస్తు ఆయన ముక్కు మీద వేలేసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ నా మొహం మసగ్గా కనపడబట్టి కాపురం సాగింది," అన్నాడు భర్త. "ఇప్పుడు తెలిసొచ్చింది పాపం, ఎవర్ని చేసుకుందో."

అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. రెండో కన్ను ఎప్పుడని వాళ్ళడిగితే, వచ్చే వారమేనని ఆయనే చెప్పాడు. దానికీ ఇలాంటి లెన్సే, అచ్చం ఇలాగే, ఇక కళ్ళజోడన్న మాట ఉండదన్నాడు. పాత కళ్ళజోడుని ఆపరేషనైన రోజే ఆయన స్వయంగా తీసుకెళ్ళి, ఆస్పత్రి గుమ్మం పక్కన పాత అద్దాలు వేసే పెట్టెలో పడేసి వచ్చాడు. పీడ వదిలిందన్నాడు.

అచ్చం ఇలాగే అన్న మాటకి ఆవిడ చెయ్యి కటకటాల ఊచని గట్టిగా పట్టుకుంది. మసకదైనా, పాలు ఒలికినట్టున్నా, దగ్గర చూసే కన్ను ఆ ఎడమది ఒక్కటే మిగిలింది. దానికీ దూరం చూసే లెన్సే పెట్టేస్తే తన చేతులు తనకి కనపడవు. ఇక ఎప్పటికీ కనపడవు. ఆ సంగతి ఆ ఇంట్లో ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. తెలియకుండా చేసుకున్నది కూడా ఆవిడే.

ఆవిడ కోడలు కంటి ఆస్పత్రిలో కొలతలు తీస్తుంది. శుక్లం తీసినప్పుడు కంటి లోపల పెట్టే లెన్సు ఏ పవరుదో ముందే తేల్చుకోవాలి. అందుకు కంటి పొడవూ, పైపొర వంపూ కొలిచి లెక్క కట్టాలి. మామూలు కళ్ళకి పాత లెక్కలు సరిపోతాయి. కాజాలమ్మలాంటి వాళ్ళ కనుగుడ్డు వెనక్కి సాగినట్టు పొడవుగా ఉంటుంది, అలాంటి కంట్లో పాత లెక్క తప్పుతుంది. అందుకని ఆస్పత్రి వాళ్ళు కంప్యూటరులో కొత్త ప్రోగ్రామొకటి పెట్టారు. దానికి సూత్రాలు చెప్పటంతో సరిపెట్టరు, జరిగినవి చూపిస్తారు. ఫలానా కొలతల కంటికి ఫలానా లెన్సు పెట్టాం, నెల తరువాత చూస్తే ఇంత తేడా వచ్చింది, అని. అలా వేల కళ్ళ సంగతి చూసి చూసి, తరువాత వచ్చే కంటికి ఏది కుదురుతుందో అదే అంచనా వేస్తుంది. దానికి ఆ సంగతులు అందించే పని కోడలిది. ఆపరేషనైన వాళ్ళని మళ్ళీ పిలిపించి, చార్టు చదివించి, తేలిన నంబరు ఎక్కిస్తుంది.

ఇంట్లో ఆ ప్రోగ్రాముని శిష్యుడు అనేవాళ్ళు. మామగారు పెట్టిన పేరది. మీ శిష్యుడు ఇవాళేం నేర్చుకున్నాడమ్మా అని భోజనాల దగ్గర అడిగేవాడు. కోడలు హుషారుగా చెప్పేది. కొడుకు షిఫ్టుల మనిషి, ఇంట్లో ఉంటే నిద్రపోతూనో బయల్దేరుతూనో ఉంటాడు. అందుకని ఆ పిల్ల తన మంచీ చెడ్డా చెప్పుకునేది అత్తగారితోనే. శిష్యుడికి తెలియనిది ఒకటుందని ఒకసారి ఆ పిల్లే అంది. ఏ పవరు పెడితే ఎంత దూరంలో స్పష్టంగా కనపడుతుందో వాడు చెప్పగలడట. ఎంత దూరం కావాలో మాత్రం మనిషే చెప్పుకోవాలట.

మొదటి ఆపరేషనుకి ముందు ఆ మాట అడిగిన రోజు కాజాలమ్మకి బాగా గుర్తుంది. కోడలు తెర మీది ప్రశ్నలు ఒక్కొక్కటే చదివింది. రోజంతా ఏం పని చేస్తారు? కళ్ళజోడు లేకుండా కనపడాల్సింది దూరమా, దగ్గరా? ఆవిడ గొంతు సవరించుకునే లోపే పక్క కుర్చీలోంచి భర్త జవాబొచ్చేసింది. ఇంట్లోనే ఉంటుంది, టీవీ చూస్తుంది, దూరమే పెట్టండి. కాజాల సంగతి కోడలు గుర్తుచేయబోతే ఆయన చెయ్యి ఊపేశాడు.

"ఇంకా ఎన్నాళ్ళమ్మా ఆ సూదీ దారం? కళ్ళు పోయిందే దానివల్ల. ఇకనైనా సుఖంగా కూర్చోనీ."

ప్రేమగానే అన్నాడు. అబద్ధం ఆడే మనిషి కాడు. ఆపరేషను తరువాత కంటి చుక్కలు వేసింది కూడా ఆయనే. డిపోలో బండి వదిలినంత కచ్చితంగా గడియారం చూసుకుంటూ, నిద్ర లేపి మరీ వేసేవాడు. ఆ ప్రశ్నలడిగిన రోజు డాక్టరమ్మ కూడా గదిలోకి వచ్చి, మీకేం కావాలమ్మా అని ఆవిడనే విడిగా అడిగింది.

"నాకేదైనా ఫర్వాలేదండీ," అంది కాజాలమ్మ.

బట్టల కొట్లో రంగు ఎంచుకోమంటే ఆ మాటే అనేది. అద్దె ఇళ్ళు చూడటానికి వెళ్ళినప్పుడూ అదే. వినేవాళ్ళ ప్రాణానికి హాయిగా ఉండే మాట. డాక్టరమ్మ కూడా తల ఊపి వెళ్ళిపోయింది.

ఆపరేషనైన నెలకి కోడలే పరీక్ష చేసింది. ఎడమ కన్ను మూయించి, కుడి కంటితో గోడ మీద వెలుగుతున్న చార్టులో అంకెలు చదవమంది. పై వరసలు కనపడ్డాయి. సగం దిగేసరికి అంకెలు అంకెల్లా లేవు, చీమల బారులా ఉన్నాయి. కాజాలమ్మ ఆగి కోడలి వైపు చూసింది. ఆ పిల్ల ఊపిరి బిగపట్టి ఉంది. ఇంత పొడవు కన్ను శిష్యుడి చేతికి రావటం ఇదే మొదలనీ, ఇది కుదిరితే డాక్టర్ల మీటింగులో చూపిస్తారనీ, కొత్తగా తెరిచే కొలతల గదికి తననే ఇన్‌ఛార్జిగా వేస్తారనీ ఇంట్లో చెబుతూనే ఉంది.

అప్పుడు అంకెలు వాటంతటవే ఆవిడ నోటికొచ్చేశాయి.

ఆ చార్టు ఆవిడకి కొత్తది కాదు. కోడలు పరీక్షలకి చదివే రోజుల్లో, ఆస్పత్రిలో తీసి పడేసిన అలాంటి చార్టే ఒకటి తెచ్చి వంటింట్లో సామాన్ల అల్మారా తలుపుకి లోపలి వైపు అంటించింది. అత్తగారిని స్టూలు మీద కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి అడిగేది. ఇది బాగుందా, అది బాగుందా? రెండూ బాగానే ఉన్నాయమ్మా అనేది ఆవిడ. అలా అంటే నేను ఫెయిలైపోతానత్తయ్యా అని కోడలు నెత్తి కొట్టుకునేది. ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవాళ్ళు. పరీక్ష పాసయ్యాక ఆ పిల్ల చార్టు సంగతే మరిచిపోయింది. ఆ అల్మారా తలుపు రోజూ తీసేది కాజాలమ్మ ఒక్కతే. ఉప్పుకో పంచదారకో తీసినప్పుడల్లా, కళ్ళజోడు పైకి నెట్టుకుని డబ్బాల మీద వంగినప్పుడల్లా, మొహం పక్కనే ఆ అంకెలు. చదవాలని చదివింది కాదు. పాట పట్టుబడినట్టు పట్టుబడిపోయాయి.

"ఆరు, రెండు, తొమ్మిది, అయిదు, మూడు," అని చివరి వరసతో సహా ఒప్పజెప్పేసింది.

కోడలు ఒక అద్దం అడ్డం పెట్టి, ఇది పెడితే ఇంకా బాగుందా అని అడిగింది. బాగుంది. చీమలు అంకెలయ్యాయి. రెండూ ఒకటేనమ్మా అంది ఆవిడ. ముందు పవరు చూసే మిషను చూపిన లెక్కకీ దీనికీ కొంచెం తేడా ఉందని కోడలు ఒక్క క్షణం తటపటాయించింది. కానీ మిషనుది ఉజ్జాయింపు లెక్క, చదివిన మనిషిదే చివరి మాట. ఇక ఏ అద్దమూ అక్కర్లేదన్న లెక్కన పవరు సున్నా అని ఎక్కించేసి, అత్తగారి రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. చీకటి గదిలో ఆ పిల్ల పళ్ళు తెల్లగా మెరిశాయి. అంత సంతోషం మీద నీళ్ళు చల్లటానికి కాజాలమ్మకి నోరు రాలేదు.

చెప్పాలని ఆ తరువాత అనుకోకపోలేదు. వంటింట్లో కూరలు తరుగుతూ ఒకసారి మొదలుపెట్టింది. "ఆ రోజు నేను చదివాను చూడు," అంది. కోడలు మిగతాది విననే లేదు. మీటింగులో పెద్ద తెర మీద అత్తయ్య కంటి ఫొటో వేశారట, కింద సున్నా వేసి చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారట. ఆ సాయంత్రం ఆ పిల్ల పూలగుత్తి కొనుక్కొచ్చింది. టీవీ పక్కన పెట్టింది. ఆపరేషనైన కంటితో గది ఈ చివర నుంచి చూస్తే అవి ఎంతో అందంగా ఉన్నాయి. దగ్గరికి వెళ్తే రంగు మరకలు.

ఆయన బజార్లో చత్వారపు కళ్ళజోడు కొనిపెట్టాడు. పేపరు చదవటానికి ఈ వయసులో అందరికీ ఉండేదేగా అన్నాడు. అది పెట్టుకుంటే ఏ దూరంలోనూ అక్షరం నిలవదు. ఒక కన్ను చెప్పింది ఇంకో కన్ను ఒప్పుకోదు, తల తిరుగుతుంది. సరైన అద్దం రాయించుకోవాలంటే సరైన పరీక్ష జరగాలి. జరగాలంటే మొదటి పరీక్ష దొంగదని చెప్పాలి. ఆవిడ ఆ కళ్ళజోడు పెట్టుకుని పేపరు ఒళ్ళో పరుచుకుని కూర్చునేది. ఆయన అటుగా వచ్చినప్పుడు పేజీ తిప్పేది.

ఒక పొద్దున కుట్టిన చొక్కాలు దర్జీ కొట్టుకి తీసుకెళ్ళింది. ఆయన ఒకటి తీసి వెలుతురుకెత్తి చూశాడు. చాలాసేపు చూసి, కాజాలోంచి తన బొటనవేలు అవతలికి దూర్చి ఆడించాడు.

"ఇది కాజానా కాజాలమ్మా, కిటికీనా?"

ఆవిడ నవ్వింది. ఆయన కూడా నవ్వాడు గానీ చొక్కా మడిచి బల్ల కింద పెట్టేశాడు. పక్క వీధిలో కాజాల మిషను పెట్టారని, కొన్నాళ్ళు అక్కడ వేయిస్తానని టేపు మెడలో సర్దుకుంటూ చెప్పాడు. "కోలుకోండి అక్కా. రెండో కన్ను కూడా అయిపోతే మళ్ళీ మీ పని మీదే." రెండో కన్ను కూడా అయిపోతే ఇక పని ఇచ్చినా చేసే కన్ను ఉండదని ఆయనకేం తెలుసు. ఆవిడ చొక్కాలు లేని సంచీతో మెట్లెక్కింది. సంచీలో కత్తెర, దారపు ఉండ, తన పాత టేపు ఉన్నాయి. వాటిని బయటికి తీయబుద్ధి కాలేదు.

ఆ పూట భర్తతో, రెండోది కొన్నాళ్ళు ఆగి చేయించుకుందామా అంది. భయమా అన్నాడాయన. మొదటిది అంత బాగా కుదిరాక భయమెందుకే, నేనుంటాగా, అని చెయ్యి మీద తట్టాడు. ఆవిడ చెయ్యి ఆయన చేతి కింద అలాగే ఉండిపోయింది.

రెండో కంటికి కొలతలు తీసే రోజు వచ్చింది. కొలతల గది చిన్నది. కిటికీ లేదు. యంత్రం ముందు గడ్డం ఆనించటానికి గిన్నెలాంటిది, నుదుటికి అడ్డంగా ఒక పట్టీ. కోడలు ఆవిడ తలని రెండు చేతులతో పట్టి సరిగ్గా అమర్చింది.

"ఎర్ర చుక్కనే చూడండత్తయ్యా. కదలొద్దు. మాట్లాడొద్దు. రెప్ప వేయమన్నప్పుడే వేయండి."

వెనక గోడకి ఆనుకుని ఆయన నిలబడ్డాడు. డాక్టరమ్మ లోపలికి వచ్చి తెర వైపు వంగింది. ఈసారి శిష్యుడికి పని సులువని కోడలు చెబుతోంది. ఒక కన్ను ఎలా కుదిరిందో వాడికి తెలుసు, రెండోది ఆ మనిషిదే కాబట్టి దాన్ని బట్టి సరిచూసుకుంటాడు. ఈసారీ దూరమే కదా అని డాక్టరమ్మ అడిగింది. దూరమేనని వెనక నుంచి ఆయనన్నాడు.

"ఏమ్మా, మీకూ సరేనా?"

గడ్డం గిన్నెలో ఉంది. నోరు తెరిస్తే కొలత చెడుతుంది. కాజాలమ్మ ఊ అంది.

డాక్టరమ్మ తృప్తిగా నిటారుగా నిలబడింది. రేపు ఇంకొకావిడ వస్తోంది, ఆవిడదీ పొడవు కన్నే, వాచీలు బాగుచేస్తుందట, అంది కోడలితో. ఆవిడకి కూడా శిష్యుడు చెప్పిందే పెట్టేద్దామంది. ఇలాంటి కళ్ళు వాడు చూసినవి ఎన్నో లేవు కాబట్టి మీ అత్తగారి కన్ను చూసే చెబుతాడు. కోడలు ముసిముసిగా నవ్వింది. అత్తయ్య కన్నే దారి చూపించిందండీ, అంది.

ఎర్ర చుక్క వణికింది.

"కదిలారత్తయ్యా. మళ్ళీ పెట్టండి."

కాజాలమ్మ మళ్ళీ పెట్టలేదు. మొహం యంత్రం మీంచి తీసేసి, నుదుటి మీద పట్టీ గుర్తు తడుముకుంటూ కూర్చుంది. ఎక్కడో ఒకావిడ బల్ల ముందు కూర్చుని, ఎవరిదో వాచీ విప్పి, తన వేళ్ళెక్కడున్నాయా అని వెతుక్కుంటోంది. ఆవిడ మొహం తెలియదు, చేతులు మాత్రం తెలిసినట్టే ఉన్నాయి. ఏదైనా ఫర్వాలేదన్న మాట ఎప్పుడూ తన వంతు గురించే కదా అన్నది. అది ఇంకొకరి కంట్లో పడుతుందని ఎన్నడూ అనుకోలేదు.

"ఆ చార్టు లైటు వెయ్యమ్మా," అంది.

ఇప్పుడు ఆ పరీక్ష లేదత్తయ్యా, ముందు కొలతలు కానివ్వండి, అంది కోడలు.

"వెయ్యి."

చార్టు వెలిగింది. కాజాలమ్మ స్టూలు మీద దానికేసి తిరిగింది. రెండు అరచేతులతో రెండు కళ్ళూ మూసుకుంది. అలా మూసుకునే పై వరస నుంచి చదవటం మొదలుపెట్టింది. ఎక్కడా తడుముకోలేదు. ఒక్కొక్క వరసా దిగుతూ కిందికి వచ్చింది. ఆరు, రెండు, తొమ్మిది, అయిదు, మూడు.

"ఓహో, కళ్ళు మూసుకున్నా కనపడుతోందే దీనికి," అని ఆయన నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వు కూడా మధ్యలోనే ఆగిపోయింది.

ఆవిడ చేతులు తీసేసరికి కోడలు తన వైపు చూడటం లేదు. చార్టుని చూస్తోంది, ఇప్పుడే ఎవరో తెచ్చి తగిలించినట్టు.

"వంటింటి అల్మారా," అంది మెల్లగా.

"అవునమ్మా."

"నిజంగా ఎంతవరకు కనపడింది?"

"సగం దాకా."

"మరి నేను అద్దం పెట్టినప్పుడు?"

"అది బాగుంది."

కోడలి మొహం కందిపోయింది. మీటింగు, చప్పట్లు, పూలగుత్తి అన్నీ ఆ మొహం మీద కనపడ్డాయి. గొంతు పెంచకుండానే అడిగింది. "నాకు చెబితే ఏమయ్యేదత్తయ్యా? నేనేమన్నా అనేదాన్నా?"

"అనవు. అందుకే చెప్పలేకపోయాను."

డాక్టరమ్మ స్టూలు లాక్కుని ఆవిడకి ఎదురుగా కూర్చుంది. ముందు ఆ సున్నా తీసేయమని కోడలికి చెప్పింది. మిషను లెక్కని పట్టించుకోకపోవటం తన పొరపాటు కూడా అంది. వాచీల ఆవిడకి మళ్ళీ కొత్తగా లెక్క చూద్దామంది. తరువాత కాజాలమ్మ వైపు తిరిగింది.

"సరే, అది మా పని. ఇప్పుడు మీ సంగతి చెప్పండి. మీకేం కావాలి?"

"దానికి దూరం..." అని ఆయన మొదలుపెట్టాడు.

"ఏవండీ," అంది ఆవిడ. ఆయన ఆగి, రావాల్సిన వేళకి బండి రాకపోతే రోడ్డు వైపు చూసినట్టు ఆవిడ వైపు చూశాడు.

ఏదైనా ఫర్వాలేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగటానికి కొంతసేపు పట్టింది. వాచీల ఆవిడ కోసం నిజం చెప్పటం తేలికైంది. ఇది తేలిక కాలేదు.

"నా చేతులు కనపడాలండీ," అంది చివరికి. "కళ్ళజోడు లేకుండా. సూదితో సహా కనపడాలి."

అప్పుడు డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ముక్కు ముందు నాలుగు వేళ్ళ దూరంలో పోగులు కనపడే ఆ పాత చూపు తిరిగి రాదు, దాన్ని ఎవరూ తేలేరు. పుస్తకం పట్టుకునేంత దూరానికి అయితే ఈ ఎడమ కంట్లో లెన్సు పెట్టొచ్చు. కుడిది దూరం చూస్తుంది, ఎడమది దగ్గర చూస్తుంది, రెండూ పని పంచుకుంటాయి. కొందరికి అది పడదు, తల తిరుగుతూనే ఉంటుంది. అందుకని ముందు అద్దాలతో కొన్ని వారాలు అలవాటు చేసి చూడాలి, ఆపరేషను అంతవరకు వాయిదా. అదీ సరిగ్గా కుదురుతుందని మాట ఇవ్వలేనంది. ఎంత దూరంలో కావాలో చేతులతో చూపించమంది.

కాజాలమ్మ చొక్కా పట్టుకున్నట్టు చేతులెత్తింది. అలవాటుగా ముక్కు దగ్గరికే వెళ్ళబోయాయి. ఆపి, కొంచెం ముందుకి జరిపింది. డాక్టరమ్మ స్కేలు కోసం బల్ల మీద వెతుకుతోంది. కాజాలమ్మ గడ్డంతో కాళ్ళ దగ్గరున్న తన కుట్టు సంచీ చూపించింది. కోడలు అందులోంచి టేపు తీసి, ఒక కొస అత్తగారి కంటి చివర, రెండో కొస బొటనవేలి దగ్గర పట్టింది.

"కదలకండి," అంది. వెనక అత్తయ్యా అని చేర్చలేదు.

"మరి బస్సుల నంబర్లు?" అన్నాడాయన గోడ దగ్గర నుంచి, దాదాపు తనలో తాను అనుకున్నట్టు.

"మీరున్నారుగా చదవటానికి," అంది ఆవిడ కదలకుండానే.

డాక్టరమ్మ వెళ్ళిపోయింది. ఆయన నీళ్ళు తాగి వస్తానని వరండాలోకి వెళ్ళాడు. కోడలు చార్టు తీసేసి, బీరువాలోంచి వేరే చార్టు తెచ్చి తగిలించింది. దాని మీద అంకెలు లేవు, ఏ వైపుకి నోరు తెరిచి ఉన్నాయో చెప్పాల్సిన సున్నాలున్నాయి. అద్దాలు మార్చే ఇనుప ఫ్రేము అత్తగారి ముక్కు మీద పెట్టి చెవుల వెనక బిగించింది. బరువుగా ఉంది, చెవులు నొక్కుకుపోతున్నాయి. లైటు ఆరిపోయింది. కోడలి ఊపిరి దగ్గర్లోనే వినపడుతోంది, ఇంకా కోపంగానే ఉంది ఆ ఊపిరి.

ఒక అద్దం పడింది. అది తీసి ఇంకోటి పడింది.

"ఇది బాగుందా? అది బాగుందా?"

కాజాలమ్మ చూసింది. మళ్ళీ చూపించమంది. కోడలు మళ్ళీ మార్చి చూపించింది.

"రెండూ బాగాలేవమ్మా," అంది.

కోడలి చెయ్యి గాల్లో ఆగింది. రెండు అద్దాలనీ పెట్టెలో వాటి వాటి గాడుల్లో పెట్టేసి, ఇంకోటి తీసింది.